లాభం పంచాలా, నిలపాలా?

ఒక సంఘం సర్వసభ్య సమావేశంలో ఒక వృద్ధ సభ్యుడు మమ్మల్ని ఇలా అడిగారు: "కంపెనీ వాటా పెరుగుతుంది, తరుగుతుంది. మన వాటా ఎన్నేళ్లైనా అంతే ఉంటుందేం? మిగులంతా బోనస్‌గా పంచేస్తే నష్టమేమిటి?" ప్రశ్న సబబైనదే. సమాధానం కోసం ముందుగా కంపెనీల సంగతి చూద్దాం.

కంపెనీ డబ్బు విషయంలో చేసే నిర్ణయాలు ముఖ్యంగా మూడు: దేనిపై పెట్టుబడి పెట్టాలి, ఆ సొమ్ము ఎక్కడ తేవాలి, లాభంలో ఎంత పంచాలి.

1. లాభం పంపకం: ఒక కంపెనీ విలువ కోటి రూపాయలు, వాటాలు లక్ష అనుకొందాం. వాటా విలువ రూ. 100. అందులో 10 లక్షలు రొక్కం. దానిని డివిడెండుగా పంచితే వాటా రూ. 90కి దిగుతుంది, వాటాదారు చేతికి రూ. 10 వస్తుంది. మొత్తం అదే వంద. ఒకటికి ఒకటి బోనస్ వాటా ఇచ్చినా ఇంతే. వంద రూపాయల వాటా ఒకటి పోయి యాభై రూపాయలవి రెండు వస్తాయి. పన్నులు, ఖర్చులు లేకుంటే పంపకం వల్లనే విలువ పెరగదని మోడిగ్లియానీ, మిల్లర్ అనే ఆర్థికవేత్తలు 1961లో నిరూపించారు.

2. పెట్టుబడి: ఆ 10 లక్షలనే యంత్రంపై పెట్టారనుకొందాం. మదుపుదారులు ఆశించే రాబడి 10 శాతం. యంత్రం ఏటా లక్షన్నర ఆర్జిస్తే దాని విలువ 15 లక్షలు, వాటా రూ. 105 అవుతుంది. 50 వేలే ఆర్జిస్తే వాటా రూ. 95కి పడుతుంది. కనుక విలువను పెంచేది, తుంచేది పెట్టుబడే.

3. అప్పు: 100 లక్షల వ్యాపారంలో సగం 9 శాతం వడ్డీకి తెచ్చిన అప్పు అనుకొందాం. ఆర్జన 12 లక్షలైతే వడ్డీ పోగా సొంత సొమ్ముపై 15 శాతం మిగులుతుంది. ఆర్జన 6 లక్షలైతే 3 శాతమే. అప్పు మంచి ఏడు లాభాన్ని, చెడ్డ ఏడు కష్టాన్ని, రెంటినీ పెంచుతుంది.

ఇక మన హైదరాబాదు ఉదాహరణ. 2008 డిసెంబరు 16న సత్యం కంప్యూటర్స్ సంస్థ, తన అధిపతి కుటుంబానికి సంబంధించిన రెండు కంపెనీలను సుమారు 160 కోట్ల డాలర్లకు కొంటామని ప్రకటించింది. మదుపుదారులు గగ్గోలు పెట్టగా గంటల్లోనే విరమించుకొన్నది. అయినా మరునాడు వాటా ధర సుమారు 30 శాతం పడింది. 2009 జనవరి 7న, ఖాతాల్లో చూపిన రొక్కంలో 5,040 కోట్లు అసలు లేవని అధిపతే లేఖలో ఒప్పుకొన్నారు. ఆ ఒక్కరోజే వాటా దాదాపు 78 శాతం పతనమైంది.

సంఘం వాటాకు బజారు ధర లేదు. సభ్యుడు వైదొలగితే ముఖవిలువే తిరిగి వస్తుంది. అందుచేత మన నిర్ణయం మంచిదా చెడ్డదా అన్నది వాటా ధరలో కనబడదు. పాల ధరలో, చెల్లింపు తేదీలో, రిజర్వు నిధిలో కనబడుతుంది. కానీ ఆలస్యంగా కనబడుతుంది.

మా అనుభవం ఒకటి చెబుతాము. ఒక సంఘం పండుగకు మిగులంతా బోనస్‌గా పంచింది. కూలరు పాతబడిందని తెలిసి కూడా మేము అభ్యంతరం చెప్పలేదు. అది మా లోపమే. వేసవిలో కూలరు చెడింది. బాగుచేయడానికి సంఘం వడ్డీకి అప్పు తెచ్చింది. పాల డబ్బు నెల ఆలస్యమైంది. కొందరు సభ్యులు ప్రైవేటు కేంద్రానికి పాలు పోయసాగారు. పంచిన బోనస్ కంటే పోయిన పాలే ఎక్కువ.

కంపెనీ తప్పు చేస్తే బజారు గంట కొడుతుంది. మనకు ఆ గంట ఆడిటూ, సర్వసభ్య సమావేశమే. కనుక ఆ వృద్ధ సభ్యునికి మా జవాబు: మిగులు పంచడం తప్పు కాదు, ముందు కూలరు, రిజర్వు, అప్పు చూసుకొని మిగిలినది పంచాలి.

సభ్యులు చర్చించవలసిన ప్రశ్నలు:

1. మన సంఘం యంత్రాలలో మూడేళ్లలో మార్చవలసినవి ఏవి? అందుకు నిధి ఉన్నదా?

2. మన అప్పుపై వడ్డీ ఎంత? ఆ సొమ్ము ఆర్జించేదెంత?

3. లెక్కల్లో చూపిన బ్యాంకు నిల్వను బ్యాంకు ఇచ్చిన ధ్రువపత్రంతో ఎవరైనా సరిచూశారా?