విద్యుత్కార్లు: సంకల్పమును, ఒప్పందమును

క్యాతగానచెర్లు పొలముల మీదుగా పాఠశాలకు వచ్చు విద్యార్థులు ప్రతిదినమును చూచు దృశ్యమొకటి కలదు. ఒకప్పుడు వేరుసెనగ పండిన ఎఱ్ఱనేలలపై నేడు సౌరఫలకములు వరుసలు దీరి సూర్యునివైపు ముఖము పెట్టి యున్నవి. తిరుమణి, బాలసముద్రము, వల్లూరు, రాయచెర్లు, క్యాతగానచెర్లు అను ఐదు గ్రామముల పరిధిలో సుమారు 13,000 ఎకరములందు ఈ సౌరక్షేత్రము వ్యాపించి యున్నది. ఇది 2018లో ప్రారంభింపబడి, 2019 చివరకు 2,050 మెగావాట్ల సామర్థ్యమును పొందెను.

ఈ విద్యుత్తుతో కార్లు నడచునా? నడచునేని, అట్టి కార్లను చేసెదమని చెప్పిన కంపెనీలు ఆ మాటమీద నిలుచునా? ఈ రెండు ప్రశ్నలను ఈ పాఠమున విచారింతము. మొదటిది శాస్త్రమునకు సంబంధించినది. రెండవది లోకవ్యవహారమునకు సంబంధించినది. రెండును మన పిల్లల భవిష్యత్తుకు సంబంధించినవే.

1. రెండు విధముల కార్లు

పెట్రోలు కారులో నూనె ఇంజను లోపల మండును. ఆ మంటవలన వ్యాకోచించిన వాయువులు ముషలకమును త్రోయును. ఆ కదలిక చక్రములకు చేరును. కాని పుట్టిన వేడిలో అధికభాగము పొగగొట్టము గుండను, రేడియేటరు గుండను వృథాగా పోవును. నూనెలోని శక్తిలో ఇంచుమించు నాలుగవ వంతు మాత్రమే కారును నడపును.

విద్యుత్కారులో మంట లేదు. బ్యాటరీనుండి విద్యుత్ప్రవాహము మోటారునకు పోవును. అయస్కాంత బలముచేత మోటారు తిరుగును. మన బోరుబావి మోటారు పనిచేయు సూత్రము కూడ ఇదియే. బ్యాటరీలోని శక్తిలో సుమారు మూడు పాళ్లు చక్రములకు చేరి, ఒక పాలు మాత్రమే వ్యర్థమగును. బ్రేకు వేసినపుడు మోటారే జనరేటరుగా మారి, కొంత శక్తిని తిరిగి బ్యాటరీకి పంపును.

2. ఒక చిన్న లెక్క

ఇంటికి వచ్చు కరెంటు బిల్లులో 'యూనిట్లు' అని యుండును. ఒక కిలోవాటు చొప్పున ఒక గంట వాడిన శక్తి ఒక యూనిట్టు. ఏడుగురు కూర్చుండదగిన ఒక విద్యుత్కారు బ్యాటరీలో 51.4 యూనిట్లు పట్టుననుకొందము. మన సౌరక్షేత్రము పూర్ణసామర్థ్యముతో ఒక గంట పనిచేసిన 20,50,000 యూనిట్లు పుట్టును. భాగించి చూడుడు. సుమారు 40,000 కార్లు నిండును!

అయితే ఈ లెక్కకు రెండు సవరణలు అవసరము. తీగలలోను, చార్జింగులోను కొంత శక్తి తఱుగును. అంతకంటె ముఖ్యమైనది రెండవది: సూర్యుడు పగలు వెలుగును, జనులు కార్లను ఎక్కువగా రాత్రి ఇండ్లవద్ద చార్జి చేయుదురు. కావున పనిచేయు చోట్ల పగలే చార్జి చేయు ఏర్పాటైనను ఉండవలెను, లేదా పగటి విద్యుత్తును నిలువచేయు పెద్ద బ్యాటరీలైనను ఉండవలెను.

3. నూనె తెచ్చు చిక్కు

మన దేశము వాడు ముడినూనెలో నూటికి 85 పాళ్లకు పైగా విదేశములనుండి వచ్చుచున్నది. 2024లో ప్రపంచము వాడిన నూనెలో సుమారు ఐదవ వంతు హోర్ముజ్ అను ఒక్క ఇరుకు జలసంధి గుండ పోయెను. 1973 అక్టోబరులో అరబ్బు దేశములు నూనె సరఫరాను బిగించినపుడు, కొద్ది నెలలలోనే పీపా ధర సుమారు 3 డాలర్లనుండి 12 డాలర్లకు చేరువయ్యెను. అట్టి కష్టకాలమున అందఱికిని విద్యుత్కారు జ్ఞాపకము వచ్చును. నూనె చౌకయైన వెంటనే మఱపునకు వచ్చును.

4. విధానము మారిన విధము

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రము 1990లో ఒక నియమము చేసెను. దాని ప్రకారము 1998నాటికి పెద్ద కంపెనీలు అమ్ము కార్లలో నూటికి రెండు పొగలేనివి కావలెను. జనరల్ మోటార్స్ కంపెనీ 1996లో ఈవీ1 అను విద్యుత్కారును తెచ్చి, సుమారు 1,100 కార్లను చేసెను. నియమము సడలెను. కంపెనీ ఆ కార్లను వెనుకకు తీసికొని, వానిలో పెక్కింటిని నుగ్గుచేసెను.

మన బెంగళూరులో చేతన్ మైనీ ఆధ్వర్యమున 2001లో రేవా అను చిన్న విద్యుత్కారు వెలువడెను. లండను వీథులలోను అది తిరిగెను. 2010లో మహీంద్రా కంపెనీ దానిని చేపట్టెను. ఆ సంవత్సరము నవంబరులో కేంద్రప్రభుత్వము ఇచ్చిన రాయితీ 2012 మార్చిలో ఆగిపోగా, విద్యుద్వాహనముల అమ్మకములు కుంగెను. తరువాత 2019 ఆగస్టులో వీనిపై జీఎస్టీ నూటికి 12నుండి 5కు తగ్గెను. 2025 సెప్టెంబరులో చిన్న పెట్రోలు కార్లపై పన్ను 28నుండి 18కి దిగెను. అందుచే విద్యుత్కారునకున్న మేలు కొంత సన్నగిల్లెను.

మన సరిహద్దున కావల పెనుకొండ వద్ద కియా కంపెనీ కర్మాగారము కలదు. 2019లో అచ్చట కార్ల ఉత్పత్తి ప్రారంభమయ్యెను. 2025 జూలైలో, మన దేశముననే చేసిన తన తొలి విద్యుత్కారును ఆ కంపెనీ విడుదల చేసెను. అదే కంపెనీ 2030లో ప్రపంచమంతట 16 లక్షల విద్యుత్కార్లను అమ్మవలెనని ముందు చెప్పి, 2025 ఏప్రిలులో ఆ సంఖ్యను సుమారు 12.6 లక్షలకు తగ్గించెను. కారు వచ్చినది, లక్ష్యము తగ్గినది. రెండును నిజములే.

5. మనము గ్రహింపవలసినది

సంకల్పము వేఱు, ఒప్పందము వేఱు. ఈ భేదమును మన గ్రామమున బోధింప నక్కఱలేదు. సౌరక్షేత్రమునకు భూమినిచ్చిన రైతులు అమ్మలేదు, కౌలుకిచ్చిరి. ఎకరమునకు సంవత్సరమునకు 21,000 రూపాయలనియు, రెండేండ్లకొకమారు నూటికి 5 వంతున పెరుగవలెననియు పత్రమున వ్రాసికొనిరి. వ్రాసినది గాన అడుగవచ్చును. కంపెనీ ప్రకటించు లక్ష్యమునకు అట్టి పత్రము లేదు. నూనె ధర, పన్ను, రాయితీ మారినపుడు అదియు మారును. అది మోసమని మేమనము. దానిని నమ్ముకొని అప్పుచేయువాడు మాత్రము ఈ సంగతి నెఱిగి యుండవలెను.

ఇంకొక మాట. పొలములలో కూలిచేసి బ్రతికిన భూమిలేని కుటుంబములకు ఆ కౌలుపత్రములలో చోటు లేదు. వారి పిల్లలును మన తరగతులలోనే కూర్చుందురు. వారికి విద్యయే పత్రము. ఏ కంపెనీ లక్ష్యమును తగ్గించినను మోటారు తిరుగు సూత్రము మారదు. బ్యాటరీని, తీగల కూర్పును, కొలతను ఎఱిగినవానికి కారు కర్మాగారములోను, సౌరక్షేత్రములోను, బోరుబావి యొద్దను పని యుండును.

కావున తల్లిదండ్రులకు మా మనవి. ఎవరైన వచ్చి, ఫలానా శిక్షణకు రుసుము కట్టిన విద్యుత్కార్ల కంపెనీలో ఉద్యోగము తప్పదని చెప్పినచో, "ఎచ్చట వ్రాసి యున్నది?" అని అడుగుడు. పిల్లలను మాత్రము భౌతికశాస్త్రపు తరగతి మానకుండ పంపుడు.

అభ్యాసము

1. ఒక కారు యూనిట్టుకు 7 కిలోమీటర్లు నడచినచో, 51.4 యూనిట్లతో ఎంతదూరము పోవును?
2. ఎకరమునకు 21,000 రూపాయల కౌలు, రెండు పర్యాయములు పెరిగిన పిమ్మట ఎంతయగును?
3. పగటి సౌరవిద్యుత్తును రాత్రి కార్లకు వాడుటకు ఏమి కావలెను?
4. మీ ఇంటనున్న పత్రములలో ఒకదానిని పెద్దలతో కూర్చుండి చదువుడు. అందు ఒప్పందమేది, ఆశ ఏది? వేర్వేరుగా వ్రాయుడు.