పన్నెండో వంతు

జీతం చాలక ఖర్చు తగ్గించాలనుకోగానే మన ఇళ్లలో ముందు కోత పడేది పాలకీ, కూరగాయలకీ. అది పిల్లల కంచంలోంచి తీయడమే. నన్నడిగితే మొదలుపెట్టాల్సిన చోటు అది కాదు. రోజువారీ ఖర్చు ఇరుకున పెడుతుంది, నిజమే. అప్పులోకి దించేది మాత్రం ఎక్కువగా ఏడాదికోసారి వచ్చే ఖర్చు.

హౌరాలో, శిబ్‌పూర్‌లోనో సంత్రాగాఛీలోనో అద్దెకుండే తెలుగు కుటుంబాన్ని తీసుకోండి. నెలకు 40,000 రూపాయల జీతం. అద్దె, కిరాణా, గ్యాస్, స్కూలు ఫీజు, ఊళ్లో అమ్మానాన్నలకు పంపేది పోగా నెల ఎలాగో గట్టెక్కుతుంది. ఇంతలో దుర్గాపూజ వస్తుంది. వీధంతా కొత్త బట్టల్లో తిరుగుతుంటే పిల్లలకు కొనకుండా ఎలా ఉంటాం? చేతిలోది అయిపోతుంది. సంక్రాంతికి శ్రీకాకుళం వెళ్లాలంటే రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు మొదలవుతుంది కాబట్టి, నవంబరు నడిమికల్లా నలుగురి టికెట్ల డబ్బూ సిద్ధంగా ఉండాలి. ఆ తర్వాత కొత్త తరగతి పుస్తకాలు, ఎండాకాలం కరెంటు బిల్లు. ఇందులో చెప్పాపెట్టకుండా వచ్చిందేదీ లేదు. అయినా ఏటా చేబదులే.

ఈ బాధ ఇక్కడి మనవాళ్లకు కొత్త కాదు. హుగ్లీ ఒడ్డున జనపనార మిల్లుల్లో పనికి గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి ఎందరో వచ్చారు. దేశంలోని కార్మికుల స్థితిగతులపై 1931లో నివేదిక ఇచ్చిన విట్లీ కమిషన్, చాలా పారిశ్రామిక కేంద్రాల్లో మూడింట రెండు వంతుల మంది అప్పుల్లో ఉన్నారని అంచనా వేసింది. కారణాల్లో పండుగలకూ పెళ్లిళ్లకూ పెద్ద పీట వేసింది. రూపాయికి నెలకు అణా వడ్డీ అప్పట్లో మామూలు. అంటే ఏడాదికి 75 శాతం. ఇవాళ క్రెడిట్ కార్డు బాకీ మిగిలిపోతే చాలా బ్యాంకులు నెలకు 3 శాతానికి పైనే వేస్తున్నాయి.

కాబట్టి ఓ సాయంత్రం భార్యాభర్తలు కూర్చుని ఏడాది ఖర్చులన్నీ ఒక కాగితం మీద రాయండి. 36,000 తేలితే నెలకు 3,000. జీతం పడిన రోజే అది వేరే ఖాతాకు పోవాలి, ఆ ఖాతాను ఫోన్‌లో యూపీఐకి కలపకూడదు. అర్హులైన ఉద్యోగులకు చట్టం చెప్పే కనీస బోనస్ 8.33 శాతం, అంటే అదీ పన్నెండో వంతే. పూజ ముందు చేతికొచ్చే ఆ డబ్బునూ ఇందులోనే వేయండి.

ఆ మూడు వేలు ఎక్కడివంటారా? అద్దెలో వెతకండి. ఆఫీసు దగ్గరని నది దాటి కోల్‌కతాలో ఎక్కువ అద్దెకు చేరేముందు లెక్క చూడండి. 2024 మార్చి 15 నుంచి హౌరా మైదాన్–ఎస్ప్లనేడ్ మెట్రోలో జనం తిరుగుతున్నారు, హౌరాలోనే ఉండి ఆఫీసుకు వెళ్లి రావచ్చు.

లెక్కకంటే కష్టమైనది మాట. పూజ బట్టలకు ఇంతే ఉందని పిల్లాడికి దుకాణంలో కాదు, రెండు నెలల ముందే ఇంట్లో చెప్పాలి. ఊళ్లో తమ్ముడికి “ఈ నెల ఇంతకంటే పంపలేనురా” అని ఫోన్లో నిదానంగా చెప్పగలగాలి. అప్పు చేసి పంపి, ఆనక అతని మీదే విసుక్కోవడం కంటే ఇది ఎంతో ప్రేమగల పని.

జూన్‌లో మొదలుపెడితే పూజకు నాలుగు నెలలే ఉంటాయి. ఆ ఖర్చును పన్నెండుతో కాక నాలుగుతో భాగించండి. భారమైతే బట్టలు తగ్గించండి. సంక్రాంతి టికెట్ల డబ్బు మాత్రం ముట్టుకోకండి, అక్కడ పెద్దవాళ్లు ఎదురుచూస్తుంటారు.