పాత ఊళ్లోకి పెద్ద బండి వద్దు

ప్రశ్న: పడకలు, వంటిల్లు ఉండే అద్దె ఆర్‌వీలో అమ్మానాన్నలతో ఫ్లోరిడాలోని సెయింట్ ఆగస్టీన్ వెళ్తున్నాం. నాన్నకు మోకాళ్ల నొప్పులు. బండి ఎక్కడ ఆపాలి? అక్కడి పాత కోట ఎలా చూపించాలి?
– ఒక పాఠకురాలు, అట్లాంటా

జవాబు: బండిని పాత ఊళ్లోకి తేకండమ్మా. 1565లో స్పెయిన్ వాళ్లు కట్టుకున్న ఊరది, సందులన్నీ ఇరుకు. సెయింట్ జార్జ్ వీధిలో నడకే. అంతస్తుల పార్కింగ్‌లోకి వెళ్తే బండి నెత్తి కొట్టుకుంటుంది.

వంతెన అవతల అనస్తేషియా స్టేట్ పార్క్‌లో దిగండి. చోటు ముందే బుక్ చేసుకోవాలి, బండి పొడవు సరిగ్గా చెప్పాలి. అక్కణ్నుంచి క్యాబ్‌లో వచ్చి, ఊళ్లో తిరిగే ట్రాలీ ఎక్కండి. నాన్నగారు కూర్చునే సగం ఊరు చూసేస్తారు.

కోటకు పొద్దున్నే వెళ్లండి. మధ్యాహ్నం ఎండ భరించలేరు. 1672లో మొదలెట్టిన ఆ గోడల్ని దగ్గరగా చూడండి, రాయంతా చిన్నచిన్న సముద్రపు చిప్పలే! ఫిరంగి గుండు తగిలితే పగిలేది కాదు, గుండే అందులో కూరుకుపోయేది. పైఅంతస్తుకు మెట్లే దారి. నాన్నగారికి కింది గదులు చాలు, అసలు విశేషాలు అక్కడే ఉన్నాయి.

చక్రాల కుర్చీ కావాలనుకుంటే కోట రేంజర్లకు ముందే ఫోన్ చేయండి. బండి ఎత్తు మీద అనుమానముంటే, బయల్దేరకముందే అద్దెకిచ్చినవాళ్లను అడగండి.