అటకమీది రేకుపెట్టె

పెద్దవాళ్ళున్న ఇంటి అటకమీద మీ చిన్ననాటి పెట్టె ఒకటి ఉండే ఉంటుంది. దాన్ని ఆఖరిసారి ఎప్పుడు తెరిచారు?

గురువిద్యాలయానికి వెళ్ళేనాడు నేనూ ఒకటి వదిలి వెళ్ళాను. అందులో తపాలా బిళ్ళలు (1980లో విడుదలైన మదర్ తెరిసా బిళ్ళతో సహా), గుడ్డసంచిలో ఆరు మూలల మూడు పైసలు, తామరపువ్వున్న ఇరవై పైసలు, అడుగున చందమామలు.

గురుపట్టం అయ్యాక ఇంటికొచ్చి చూస్తే బిళ్ళలు వానచెమ్మకు అంటుకుపోయాయి. తొందరపడి లాగి చింపేశాను. నీళ్ళలో నానబెడితే విడివడేవని తర్వాత తెలిసింది. చందమామలైతే లేనేలేవు. "అడక్కుండా ఎలా ఇచ్చేశావమ్మా?" అని కసిరాను. అమ్మ మాట్లాడలేదు. చెల్లెలు చెప్పింది: నన్ను చూడ్డానికి బస్సు ఛార్జీ చాలక, పొట్లాలకని కిరాణాకొట్టులో తూకానికి వేసిందట. చిల్లర సంచి మాత్రం ముట్టుకోలేదు. "అవి డబ్బులు, వాడివి" అన్నదట.

ఆస్తిహక్కుపై తత్త్వశాస్త్రం తరగతిలో పేజీలకు పేజీలు రాసినవాణ్ణి. ఆరోజు ఒక్క వాక్యమూ అక్కరకు రాలేదు.

పావలా, అంతకు తక్కువ నాణేలు 2011 జూన్ 30 నుంచి చెల్లవు. 1947లో మొదలైన చందమామ ఇప్పుడు రావడం లేదు. అలాంటివి మీ పెట్టెలో ఉంటే ఉంచుకోవచ్చు. కాని ఏళ్ళ తరబడి మన సామానుకు కాపలా కాసినవారిని లెక్క అడిగే ముందు, వచ్చి సర్దుకోవలసిన బాధ్యత మనదే. ఈ క్రిస్మస్‌కు వెళ్ళినప్పుడు పెట్టె దించండి. అమ్మను పక్కన కూర్చోబెట్టుకొని తెరవండి. ఏది ఎవరిచ్చారో ఆమెకే గుర్తుంటుంది.