పాత ట్రాక్టరు ఇంజను వేడెక్కుతున్నదా? కారణం కనుగొనే క్రమం

బ్యాంకు రుణంతో పాత ట్రాక్టరు కొన్న రైతు తన పొలం దున్నుకొన్న తరువాత ఊరిలో కిరాయి దుక్కులు చేసి, ఆ రాబడితో వాయిదాలు చెల్లించడం సాధారణం. దమ్ముల కాలం ఏడాదిలో కొద్ది వారాలు మాత్రమే. ఆ వారాలలో ఇంజను వేడెక్కి నిలిచిపోతే కిరాయి పోతుంది, మరమ్మతు ఖర్చు మీద పడుతుంది, వాయిదా తేదీ మాత్రం ఆగదు. అందుచేత ఇంజను వేడెక్కడానికి కారణాన్ని తక్కువ ఖర్చుతో, సరియైన క్రమంలో తెలుసుకొనే పద్ధతిని ప్రతి ట్రాక్టరు యజమాని నేర్చుకోవడం అవసరం.

వేడెక్కడం జ్వరం వంటి లక్షణం. దాని వెనుక అసలు జబ్బు వేరే ఉంటుంది. ఆవిరి కనిపించగానే హెడ్డు విప్పించే అలవాటు కొన్నిచోట్ల ఉన్నది. అయితే కారణం చాలాసార్లు ఇంజను వెలుపలనే ఉంటుంది. కనుక బయటి నుండి లోపలికి, చవక పని నుండి ఖరీదైన పనికి సాగడమే ఈ వ్యాసం సూచించే క్రమం.

వేడి పోయే మార్గం

ఇంజనులో మండిన డీజిలు శక్తిలో సుమారు మూడవ వంతు మాత్రమే పనిగా మారుతుంది. ఇంచుమించు మరొక మూడవ వంతు పొగగొట్టం ద్వారా పోతుంది. మిగిలిన వేడిలో అధిక భాగాన్ని సిలిండర్ల చుట్టూ తిరిగే నీరు రేడియేటరుకు చేరుస్తుంది. అక్కడ ఫ్యాను లాగిన గాలి ఆ వేడిని తీసుకొనిపోతుంది. ట్రాక్టరు నెమ్మదిగా నడిచే వాహనం కనుక ఎదురుగాలి సహాయం స్వల్పం, ఫ్యానే ముఖ్యాధారం. నీరు తగ్గినా, నీటి ప్రవాహం మందగించినా, గాలి అందకపోయినా, లోపల పుట్టే వేడి పరిమితి మించినా ఇంజను వేడెక్కుతుంది. ఈ నాలుగింటిలో ఏది జరిగిందో తేల్చుకోవడమే మన పని.

వేడెక్కిన వెంటనే చేయవలసినది

1. బరువు తీసివేసి ట్రాక్టరును నిలపాలి. రేడియేటరులో నీరు ఉండి, ఫ్యాను తిరుగుతున్నట్లయితే కొద్ది నిమిషాలు తక్కువ వేగంతో ఇంజనును నడవనివ్వాలి. నీరు కారిపోయినా, బెల్టు తెగినా, ముల్లు ఇంకా పైకి పోతున్నా వెంటనే ఆపివేయాలి.

2. వేడి మీద రేడియేటరు మూత తీయరాదు. మూత లోపలి ఒత్తిడి వలన నీరు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. మూత తీయగానే ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. కనీసం అరగంట ఆగి, మందపాటి గుడ్డ కప్పి, మొదట కొంచెం తిప్పి ఒత్తిడి పోనిచ్చి, తరువాత పూర్తిగా తీయాలి.

3. కాగుతున్న ఇంజనులో చన్నీళ్ళు పోయరాదు. హెడ్డు గాని, బ్లాకు గాని పగిలే ప్రమాదం ఉన్నది. ఇంజను చల్లారిన తరువాత నెమ్మదిగా నింపాలి.

ఎప్పుడు వేడెక్కుతున్నది?

ఈ ప్రశ్నకు సమాధానం దొరికితే వెదకవలసిన చోటు చాలావరకు తెలిసిపోతుంది. స్టార్టు చేసిన కొద్దిసేపటికే వేడెక్కితే నీరు తక్కువగా ఉండడం, బెల్టు తెగడం, థర్మోస్టాటు మూసుకొనిపోవడం అనుమానించాలి. ఖాళీగా నడిచినప్పుడు బాగుండి, దమ్ములోనో చెరకు లోడుతోనో మాత్రమే వేడెక్కితే రేడియేటరు పూడిపోవడం, గేరు ఎంపికలో పొరపాటు, పంపు టైమింగు తప్పడం వంటివి చూడాలి. బయట ఎక్కడా కారకుండానే రోజూ నీరు తగ్గుతుంటే హెడ్డు గాస్కెట్టును అనుమానించాలి. ముల్లు ఎర్ర గీతను చూపుతున్నా ఆవిరి, వాసన, శక్తి తగ్గడం ఏవీ లేకపోతే మీటరే చెడిపోయి ఉండవచ్చు. దానిని వేరొక మీటరుతో సరిచూడాలి.

పరీక్షల క్రమం

నీరు, ఆయిలు: ఉదయం ఇంజను చల్లగా ఉన్నప్పుడు రెండింటి మట్టాలను చూడాలి. ఆయిలు కూడా ఇంజను వేడిని కొంత మోస్తుంది. అది తగ్గితే రాపిడి, వేడి రెండూ పెరుగుతాయి.

రేడియేటరు జాలీ: దమ్ము బురద, వరి పొట్టు, నూర్పిడి దుమ్ము రెక్కల మధ్య చేరి గాలిని అడ్డగిస్తాయి. ఇంజను చల్లారిన తరువాత, గాలి వచ్చే దిశకు ఎదురుగా, అంటే ఇంజను వైపు నుండి ముందుకు నీటితో కడగాలి. ధార మరీ బలంగా ఉంటే రెక్కలు వంగిపోతాయి. దమ్ము, నూర్పిడి కాలాలలో ఇది ప్రతిదినం చేయవలసిన పని.

ఫ్యాను బెల్టు: రెండు పుల్లీల నడుమ బొటనవ్రేలితో నొక్కినప్పుడు సాధారణంగా ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్లు దిగాలి. ఎక్కువ దిగితే బెల్టు జారి, ఫ్యానుతోపాటు నీటి పంపు కూడా మందగిస్తుంది. మరీ బిగిస్తే పంపు బేరింగు పోతుంది. నూనె అంటిన, పగుళ్ళు వారిన బెల్టును మార్చివేయాలి. మరమ్మతు తరువాత ఫ్యాను తిరగబడి బిగించబడలేదు కదా అని కూడా చూడాలి.

మూత, గొట్టాలు: మూత రబ్బరు ఎండి చీలితే ఒత్తిడి నిలవదు; నీరు ముందుగానే మరిగి బయటికి పోతుంది. క్రింది గొట్టం మెత్తబడితే ఇంజను వేగంలో లోపలికి పీల్చుకొనిపోయి ప్రవాహాన్ని ఆపివేస్తుంది. ఇంజను ఆగి ఉన్నప్పుడు అది మామూలుగానే కనిపిస్తుంది కనుక నడుస్తుండగా గమనించాలి. ఆ సమయంలో చేతులు, కండువా ఫ్యానుకు దూరంగా ఉండాలి.

థర్మోస్టాటు: ఇంజను బాగా వేడెక్కినా పై గొట్టం చల్లగానే ఉంటే థర్మోస్టాటు తెరుచుకోవడం లేదని అనుమానించాలి. దానిని తీసి, నీటి గిన్నెలో వేలాడదీసి పొయ్యి మీద కాచాలి. దానిపై ముద్రించిన ఉష్ణోగ్రత (చాలా ఇంజన్లలో ఇది 80 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటుంది) వద్ద తెరుచుకోవాలి. తెరుచుకోకపోతే కొత్తది వేయాలి. దానిని పూర్తిగా తీసిపారవేసి నడపడం మంచిది కాదు. ఇంజను తగినంత వేడెక్కక సిలిండర్లు త్వరగా అరుగుతాయి, డీజిలు ఎక్కువ ఖర్చవుతుంది. కొన్ని ఇంజన్లలో నీరు రేడియేటరుకు పోకుండా అడ్డదారిన తిరిగి వేడి మరింత పెరుగుతుంది.

నీటి పంపు: పంపు అడుగున ఉండే చిన్న రంధ్రం నుండి నీటి చుక్కలు పడుతుంటే లోపలి సీలు పోయినదని అర్థం.

రేడియేటరు లోపలి గార: ఉప్పదనం, సున్నపుదనం ఎక్కువగా ఉండే బోరు నీటిని ఏళ్ళ తరబడి పోస్తే రేడియేటరు గొట్టాలలోను, సిలిండర్ల చుట్టూ గార కడుతుంది. ఆ పొర పలుచనిదైనా వేడిని నీటికి అందనివ్వదు. ఇంజను ఆపి, ఫ్యాను పూర్తిగా నిలిచిన తరువాత రేడియేటరు ముందు అరచేతిని దగ్గరగా ఉంచి చూస్తే పూడిన గొట్టాల చోట వేడి తక్కువగా తెలుస్తుంది. గార తొలగించే మందును మెకానిక్కు సలహాతోనే వాడాలి. ఇత్తడి రేడియేటరుకు పనికివచ్చే వాషింగ్ సోడా అల్యూమినియం భాగాలను తినివేస్తుంది.

బరువు, ఇంధనం: దమ్ములో పెద్ద గేరు వేసి నల్లపొగ వచ్చేటట్లు నడిపితే ఎంత మంచి రేడియేటరు అయినా తట్టుకోలేదు. ఎయిర్ క్లీనరు పూడినా, నాజిళ్ళు కారుతున్నా, పంపు టైమింగు తప్పినా వేడి పెరుగుతుంది. టైమింగు, నాజిల్ పరీక్షలను పరికరాలు ఉన్న పనిశాలలోనే చేయించాలి.

హెడ్డు గాస్కెట్టు: ఇది చివరి పరీక్ష. చల్లని ఇంజను మూత తీసి స్టార్టు చేసినప్పుడు రేడియేటరులో బుడగలు ఆగకుండా వస్తున్నా, నీటిపై నూనె తేలుతున్నా, ఆయిలు మజ్జిగ రంగుకు మారినా గాస్కెట్టు పోయిందని గాని, హెడ్డు పగిలిందని గాని భావించవచ్చు. అప్పుడు మాత్రమే హెడ్డు విప్పించాలి. ఆయిలులో నీరు కలిసిన ఇంజనును ఒక్క గంట కూడా నడపరాదు, బేరింగులు పోతాయి.

ఏ నీరు పోయాలి?

లభించినంతలో మెత్తని నీరు మేలు. శుభ్రంగా పట్టిన వాన నీరు బోరు నీటికంటే ఉత్తమం. తయారీదారు సూచించిన నిష్పత్తిలో కూలెంటు కలిపితే త్రుప్పు, గార తగ్గుతాయి. సాధారణ కూలెంటులోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండే విషపదార్థం. తీసివేసిన కూలెంటును పశువులు, కుక్కలు, పిల్లలకు అందే చోట పారబోయరాదు.

నీరు లేకుండా గాలితోనే చల్లబడే పాత ఇంజన్లు కూడా ఉన్నాయి. వాటిలో సిలిండర్ల రెక్కలు, బ్లోయరు, దాని బెల్టు, గాలిని నడిపించే రేకులు శుభ్రంగా, బిగువుగా ఉండాలి. రేకు ఊడిపోతే దానిని తిరిగి బిగించనిదే నడపరాదు.

రుణగ్రహీతలు గమనించవలసినవి

పాత ట్రాక్టరు కొనేముందు దానిని చల్లని స్థితిలో చూడాలి. అమ్మేవారు ముందే వేడిచేసి ఉంచితే మరొకరోజు రావడం మంచిది. మూత తీసి నీటి రంగు, ఆయిలు రంగు చూడాలి. థర్మోస్టాటు ఉన్నదా అని అడగాలి. కనీసం ఒక గంటసేపు బరువుతో దున్నించి ముల్లును గమనించాలి. హెడ్డు ఇదివరకు విప్పినట్లు తెలిస్తే కారణం తెలుసుకొని ధర మాట్లాడాలి.

మరమ్మతు ఖర్చుకు అధిక వడ్డీ అప్పు తేవడం కంటే ముందు తమ బ్యాంకు శాఖను సంప్రదించడం మేలు. 1998లో ప్రారంభమై 2012లో సవరించబడిన కిసాన్ క్రెడిట్ కార్డు పథకంలో, పంట రుణ పరిమితిని లెక్కకట్టేటప్పుడు వ్యవసాయ ఆస్తుల మరమ్మతులు, నిర్వహణ కోసం 20 శాతం చేర్చే ఏర్పాటు ఉన్నది. కార్డు ఉండి కూడా ఈ సంగతి ఎరుగని రైతులు ప్రస్తుతం అమలులో ఉన్న నిబంధనలను శాఖలో అడిగి తెలుసుకోవాలి.

బెల్టు, మూత, గొట్టం, థర్మోస్టాటు మార్పిడి వందల రూపాయలతో తీరే పనులు. వాటిని ఉపేక్షిస్తే హెడ్డు, పిస్టన్ల పని వేలకు చేరుతుంది; పైగా సీజను చేజారుతుంది. దమ్ములు ప్రారంభం కావడానికి ఒక పక్షం ముందుగానే పై పరీక్షలను వరుసగా పూర్తిచేసి, మార్చిన భాగాన్ని, తేదీని ఒక పుస్తకంలో వ్రాసి ఉంచుకొనడం మంచి పద్ధతి. తరువాత ఎప్పుడు ఇంజను వేడెక్కినా ఎక్కడ వెదకాలో ఆ పుస్తకమే చెప్పుతుంది.