బిగువు శిలల్లో వాయువు: చీలిక లాభం లెక్కించడమెలా?

బోరు పడిన రోజు నీళ్ళ ధార చూసి చెరకు వేసిన రైతు గతి మా ఊళ్ళో అందరికీ తెలుసు. వాయు బావుల విషయంలోనూ అదే పొరపాటు జరగవచ్చు.

పారగమ్యత 0.1 మిల్లీడార్సీ కన్నా తక్కువైన శిలలో వాయువు ఉన్నా, బావిదాకా తగినంత కదలి రాదు. అందుచేత ద్రవాన్ని అధిక పీడనంతో పంపి శిలను చీలుస్తారు. చీలిక మూసుకోకుండా ఇసుక నింపుతారు. 1947లో అమెరికాలోని కాన్సాస్‌లో, హ్యూగోటన్ క్షేత్రంలో చేసిన మొదటి ప్రయోగానికి వాడింది చిక్కబరచిన పెట్రోలు. ఉత్పత్తి మాత్రం చెప్పుకోదగినంత పెరగలేదు! అయినా 1949లో ఇది వ్యాపారంలోకి వచ్చేసింది.

ఇక లెక్క. చీలికలో వాయువుకు అడ్డు లేకపోతే, దాని ఒకవైపు పొడవులో సగం బావి వ్యాసార్ధమైనట్టే అని ప్రాట్స్ 1961లో చూపాడు. 10 సెంటీమీటర్ల వ్యాసార్ధమున్న బావికి అటూ ఇటూ 100 మీటర్ల చీలిక వేస్తే, అది 50 మీటర్ల వ్యాసార్ధంతో సమానం. వాయువు 300 మీటర్ల నుంచి వస్తుందనుకుందాం. వ్యాసార్ధం ఐదువందల రెట్లయినా, సంవర్గమానాల పుణ్యమా అని ఉత్పత్తి పెరిగేది సుమారు నాలుగున్నర రెట్లే.

అదీ ప్రవాహం స్థిరపడ్డాక. బిగువు శిలలో దానికి ఏళ్ళు పట్టొచ్చు. ఈలోగా ప్రవాహం కాలపు వర్గమూలానికి విలోమంగా తగ్గుతుంది: మొదటి రోజు 100 పాళ్ళు వస్తే నూరో రోజుకి 10. కాబట్టి మొదటి వారం అంకెలు పనికిరావు. చీల్చకపోయినా వచ్చే వాయువును మొత్తంలోంచి తీసేసి, మిగిలినదాని ధరను ఖర్చు పక్కన పెట్టి చూడాలి. పదేళ్ళకు వచ్చే రూపాయిని ఈనాటి రూపాయిగా లెక్కవేయరాదు. బావికి తెచ్చిన అప్పు మీద వడ్డీ మొదటి నెలనుంచే నడుస్తుంది.