పళ్ళెంలో మధ్యేమార్గం

సూరె బఖరా 168వ ఆయతులో అల్లాహ్ మానవులందరినీ సంబోధిస్తూ, భూమిపై ఉన్న వాటిలో హలాల్ అయిన, తయ్యిబ్ అయిన వాటిని తినమని ఆదేశించాడు. హలాల్ అంటే ధర్మసమ్మతమైనది. ఈ మాట మన ఇళ్ళల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. తయ్యిబ్ అంటే పరిశుద్ధమైనది, మేలైనది, ఒంటికి హితమైనది. దీన్ని గురించి అడిగేవారు మొన్నమొన్నటి వరకు తక్కువ. ఇప్పుడు యువకులు అడుగుతున్నారు. సంతోషమే. అయితే ఆ అడగడంలో ఒక చిక్కు కూడా వచ్చిపడింది.

యూసుఫ్‌గూడలో ఒక ఇంట్లో దర్స్ ముగిశాక పరదా వెనుక నుండి ఒక తల్లి, "మౌలానా సాబ్, మా వాడు నా చేతి వంటను హరాం చేసుకున్నాడు" అన్నారు. ఆమె గొంతులో కోపం కంటే బాధే ఎక్కువగా వినిపించింది. కొడుకు సినిమా షూటింగుల్లో లైట్ల పని చేస్తాడు. యూసుఫ్‌గూడ, కృష్ణానగర్ గల్లీలు అలాంటి పనివారితో నిండి ఉంటాయి కదా! ఆరు నెలలుగా ఆ అబ్బాయి ఇంటి దస్తర్‌ఖాన్ మీద కూర్చోవడం లేదు. ఉడికించిన కోడిమాంసం, ఓట్స్ తన డబ్బాలో తనే పెట్టుకొని తన గదిలో తింటాడు. అన్నం, నూనె, చక్కెర ముట్టడు. చెల్లెలి నిశ్చితార్థం నాడు కూడా ముట్టలేదు.

ఆ అబ్బాయిని పిలిచి మాట్లాడాము. తెరమీది కండలు చూసి మోజుపడ్డాడేమో అనుకున్నాము. మా అంచనా తప్పు. "షుగర్ వల్ల అబ్బా కాలు తీసేసినప్పుడు ఆస్పత్రి వరండాలో నేనొక్కడినే ఉన్నాను మౌలానా సాబ్. అమ్మీ వంట రోజూ అదే నూనె, అదే మీఠా. నేను తయ్యిబ్ తింటున్నాను, తప్పేముంది?" అన్నాడు.

తప్పు లేదు. ముందుగా ఆ మాటే చెప్పాము. శరీరం అల్లాహ్ ఇచ్చిన అమానతు. దానికి మనపై హక్కు ఉందని మహాప్రవక్త (స) హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి)కు బోధించారు. భోజనం విషయంలోనైతే, మనిషి నింపే పాత్రల్లో పొట్టను మించిన చెడ్డ పాత్ర లేదని, నడుము నిలబెట్టే కొన్ని ముద్దలు చాలునని, తప్పదనుకుంటే మూడో వంతు తిండికి, మూడో వంతు నీటికి, మూడో వంతు ఊపిరికి వదలమని చెప్పారు. హజ్రత్ మిఖ్‌దామ్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు తిర్మిజీలో ఉంది. కొడుకు భయానికి ధర్మంలో చోటుంది.

మరి చిక్కు ఎక్కడ? బుఖారీ, ముస్లింలలోని ఒక సంఘటన చూడండి. హజ్రత్ మైమూనా (రజి) ఇంట్లో, ఉడుము లాంటి ఎడారి జంతువును కాల్చి వడ్డించారు. అదేమిటో తెలియగానే ప్రవక్త (స) చెయ్యి వెనక్కి తీసుకున్నారు. ఇది హరామా అని హజ్రత్ ఖాలిద్ బిన్ వలీద్ (రజి) అడిగారు. కాదు, మా ప్రాంతంలో ఇది ఉండదు, నాకు ఇష్టం కావడం లేదు అన్నారు. హజ్రత్ ఖాలిద్ (రజి) పళ్ళెం తనవైపు లాక్కొని, ఆయన చూస్తూ ఉండగానే తిన్నారు. (ఆ మాంసంపై ఫిఖ్‌హ్ పండితుల చర్చ వేరు. మనకు ఇక్కడ కావలసింది ఆ దస్తర్‌ఖాన్ మర్యాద.) ఆయన తినలేదు. కానీ లేచి వెళ్ళలేదు, ఎదుటివారి ముద్దను అసహ్యించుకోలేదు, తన అయిష్టాన్ని చట్టం చేయలేదు.

సూరె తహ్రీమ్ కూడా గుర్తు చేసుకోవాలి. ప్రవక్త (స) ఒక సందర్భంలో తేనె ఇక తాగనని ఒట్టు పెట్టుకుంటే, అల్లాహ్ ధర్మసమ్మతం చేసిన దాన్ని ఎందుకు నిషేధించుకుంటున్నావని ప్రశ్నిస్తూ ఆయతు అవతరించింది. రోగం వల్ల, వైద్యుని మాట వల్ల మానేయడం ఒకటి. అదే ధర్మమైనట్టు భావించి, తినేవారిని అపరిశుభ్రులుగా చూడటం మరొకటి. రెండోది కూడా హద్దు మీరడమే.

మన తెలుగు ఇళ్ళల్లో పద్ధతులకు కొదవ లేదు. మంతెన సత్యనారాయణ రాజు గారు ఉప్పు, నూనె వదలమన్నారు. 2017-18 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ గారి మాట విని జనం అన్నం వదిలి కొబ్బరినూనె తాగారు. 2023లో పద్మశ్రీ పొందిన మైసూరు ఖాదర్ వలీ గారు కొర్రలు, అరికలు, సామలు, ఊదలు, అండుకొర్రలు తినమంటారు. మాకు తెలిసిన ఒక కుటుంబం ఈ మూడింటినీ వరుసగా పాటించి, మూడు వంటగదుల సామాను పోగుచేసింది. ఎవరి మంచి వారిదే కావచ్చు. కానీ షుగరుకు మందులు వాడేవారు వైద్యుణ్ణి అడగకుండా తిండి మార్చితే చక్కెర ఒక్కసారిగా పడిపోయి ప్రాణాపాయం కలగవచ్చు. ఈ సంగతి మరువరాదు.

మన నగరంలోనే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 2024 మే నెలలో అది భారతీయుల కోసం 17 ఆహార సూత్రాలు విడుదల చేసింది. ఉప్పు రోజుకు 5 గ్రాములు దాటవద్దని, నూనె, చక్కెర తగ్గించమని, కూరగాయలు, పప్పులు పెంచమని, కండల కోసం ప్రోటీన్ పొడులు వాడవద్దని అందులో ఉంది. ఆ చివరి మాట విని మన అబ్బాయి మొహం చిన్నబోయింది. డబ్బాకు వేలల్లో పోశాడట!

ఇక తల్లిగారి వైపు. మనం దావత్‌లో చేసేది మితం అనగలమా? రాత్రి పదకొండు దాటాక వలీమా భోజనం, బిర్యానీ మీద మరగ్, ఆపైన డబల్ కా మీఠా, ఖుబానీ కా మీఠా. పళ్ళేల్లో మిగిలింది చెత్తబండికి. రంజాన్‌లో పగలంతా ఉపవాసం ఉండి, ఇఫ్తార్‌లో పకోడీలు, హలీంతో పొట్టలో మూడు వంతులూ నింపేస్తాము. ఊపిరి ఎక్కడ ఆడాలి? తినండి, తాగండి, మితిమీరకండి అన్న బోధన సూరె ఆరాఫ్ 31వ ఆయతులో ఉంది. అది జిమ్ముకు వెళ్ళేవారికి మాత్రమే వచ్చింది కాదు.

తయ్యిబ్ అన్న మాట నూనె దగ్గరే ఆగదు. దుమ్ముకొట్టుకుపోయిన ఒక బాటసారి ఆకాశం వైపు చేతులెత్తి దుఆ చేస్తుంటాడని, అతని తిండి, బట్ట హరాం సంపాదనవైతే ఆ దుఆ ఎలా స్వీకరించబడుతుందని సహీహ్ ముస్లింలోని హదీసు అడుగుతుంది. పనిమనిషి జీతం రెండు నెలలు ఆపి బాదంపాలు తాగే ఇంట్లో ఏది శుభ్రమైన తిండి? ఆ అబ్బాయికి ఈ ప్రశ్న వేయనవసరం లేదు. లైట్లు మోసి సంపాదిస్తున్నాడు.

తల్లీకొడుకులిద్దరినీ ఒకసారి కూర్చోబెట్టాము. అతను రాత్రి భోజనం దస్తర్‌ఖాన్ మీదే చేయాలి, కావాలంటే తన డబ్బా తెచ్చుకొని. ఆమె ఖట్టీ దాల్, కూరల్లో నూనె గరిటెతో కాక చెంచాతో కొలవాలి. వారానికి రెండు రాత్రులు జొన్నరొట్టె. మీఠా శుక్రవారం మాత్రమే. అందరూ బాగానే ఒప్పుకున్నారు.

నెల తర్వాత మళ్ళీ దర్స్‌కు వెళ్ళినప్పుడు అడిగాము. అబ్బాయి పప్పు తింటున్నాడట, ఇంట్లో అందరికీ జొన్నరొట్టె అలవాటైందట. బిర్యానీ విషయంలో మాత్రం తల్లీకొడుకుల మధ్య ఒప్పందం ఇంకా కుదరలేదు.